చిలుక పిల్లను చేత్తో మేపి పెంచడం ఎలా?

చిలుక పిల్లకు చేత్తో మేత పెట్టబోయేవారు సాధారణంగా మొట్టమొదట అడిగేది, ఎన్ని గంటలకోసారి పెట్టాలి అన్న ప్రశ్న. దానికి జవాబు గడియారంలో కన్నా పిల్ల మెడ కింద, ఛాతీకి కాస్త పైన, కుడివైపుకు ఒరిగి ఉండే మేత సంచిలో నమ్మకంగా దొరుకుతుంది. పక్షులను పెంచేవారు దీన్ని క్రాప్ అంటారు, జంతుశాస్త్ర పుస్తకాలు అన్నాశయం అంటాయి. మింగిన మేత ముందుగా ఇందులో చేరి, అక్కడ నానుతూ, కొద్దికొద్దిగా కిందనున్న జీర్ణాశయంలోకి జారుతుంది. ఈ సంచి నిండడం, ఖాళీ కావడం, మళ్లీ నిండడం సక్రమంగా సాగుతున్నంతకాలం పిల్ల పెరుగుతుంది, ఆ కదలిక ఆగిపోతే పిల్ల ప్రాణం మీదికి వస్తుంది. కింద చెప్పబోయే వెచ్చదనం, శుభ్రత, మేత చిక్కదనం, రోజువారీ తూకం అన్నీ ఈ సంచి పని సాఫీగా సాగడం కోసమే.

మొదలుపెట్టే ముందు

తల్లిదండ్రులు చక్కగా మేపుతున్న పిల్లను, కేవలం మచ్చిక కోసమని గూటిలోంచి తీసి చేత్తో మేపవలసిన అవసరం లేదన్నది నా అభిప్రాయం. పిల్లను తల్లి పెంపకంలోనే ఉంచి, ఈకలు మొలుస్తున్న వయసు నుంచి రోజూ కాసేపు చేతుల్లోకి తీసుకుంటూ ఉంటే అది మనిషికి మచ్చికవుతుంది, తాను పక్షినన్న సంగతీ మరచిపోదు. పుట్టినప్పటి నుంచి మనుషుల మధ్యే ఒంటరిగా పెరిగిన చిలుకలు పెద్దయ్యాక తోటి చిలుకలతో కలవలేకపోవడం, యజమానినే జంటగా భావించి ఇతరులను కరవడం అరుదేమీ కాదు. అందుచేత తల్లి మేపడం మానేసినప్పుడు, తల్లిదండ్రులు చనిపోయినప్పుడు, అవి పిల్ల ఈకలు పీకి గాయపరుస్తున్నప్పుడు, లేదా అన్నిటికన్నా ఆలస్యంగా గుడ్డులోంచి బయటికి వచ్చిన పిల్లకు పెద్దవాటి పోటీలో మేత అందనప్పుడు మాత్రమే ఈ పనికి పూనుకోవడం మంచిది.

చెట్టు తొర్రలోంచి కిందపడిన అడవి చిలుక పిల్ల దొరికితే, అది గాయపడకుండా ఉన్నట్లయితే, తొర్ర అందే ఎత్తులో ఉంటే తిరిగి అందులోనే పెట్టండి. మనిషి చేయి తగిలిన పిల్లను తల్లి దగ్గరికి రానివ్వదన్న మాట నిజం కాదు. తొర్రలో పెట్టడం కుదరకపోతే వన్యప్రాణి సంరక్షణ సిబ్బందికి అప్పగించండి, ఎందుకంటే స్థానిక జాతుల చిలుకలను అడవి నుంచి తెచ్చి పెంచడాన్ని అనేక దేశాల చట్టాలు నిషేధించాయి. అంతర్జాతీయ వ్యాపారం విషయంలో 1975లో అమలులోకి వచ్చిన సైటిస్ ఒప్పందం, బడ్జీ, కాకటీల్, రామచిలుక, రోజీ ఫేస్డ్ లవ్‌బర్డ్ అనే నాలుగు జాతులను మినహాయించి, దాదాపు చిలుకలన్నిటినీ తన పరిధిలోకి తెచ్చింది.

ఇంకొక హెచ్చరిక వయసుకు సంబంధించింది. అప్పుడే గుడ్డు నుంచి బయటికి వచ్చిన చిలుక పిల్లకు ఈకలు ఉండవు, కళ్లు తెరుచుకోవు, బడ్జీ పిల్ల అయితే రెండు గ్రాములకు అటూఇటుగా తూగుతుంది. అంత చిన్న ప్రాణికి రాత్రింబవళ్లు రెండేసి గంటలకు మేత పెట్టాలి, చేయి ఒక్కసారి తడబడితే చాలు. ఇదివరకు ఈ పని చేయనివారు, తప్పనిసరి పరిస్థితి అయితే తప్ప, కళ్లు తెరిచి ఈకల మొలకలు కనిపిస్తున్న పిల్లతోనే మొదలుపెట్టాలి. మొదటి రెండు మూడు పూటలు అనుభవజ్ఞుడి పక్కన కూర్చుని, అతని చేతి కదలికను చూసి నేర్చుకున్న తరువాతే సిరంజి పట్టుకోవాలి. చేత్తో మేపితేనే యజమానిని గుర్తుపెట్టుకుంటుందని చెప్పి, చేతి మేత మానని పిల్లను మీకు అంటగట్టజూసే అమ్మకందారుడి మాట నమ్మవద్దు. స్వయంగా తినడం నేర్చిన పిల్ల కూడా అంతే ప్రేమగా మీ దగ్గరికి వస్తుంది.

ముందు వెచ్చదనం, తరువాతే మేత

ఈకలు లేని పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. ఒళ్లు చల్లబడితే మేత సంచి కదలిక మందగిస్తుంది, అందులోని మేత అక్కడే నిలిచి పులుస్తుంది. అందుకే చల్లబడిన పిల్ల ఎంత ఆకలితో అరుస్తున్నా, అది వెచ్చబడే వరకు మేత పెట్టకూడదు. రక్షించి తెచ్చిన పిల్లకైతే మొదట వెచ్చదనం, ఆ తరువాత కొద్ది చుక్కల గోరువెచ్చని ఎలక్ట్రోలైట్ నీరు, పిల్ల చురుకుదేరాక పలుచని మేత, ఈ వరుసలోనే సాగాలి. వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లేలోపు తాత్కాలికంగా వెచ్చబరచడానికి గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా చాలు. అయితే ఆ సీసా చల్లారిన తరువాత అదే పిల్ల వేడిని లాగేసుకుంటుంది కాబట్టి నీళ్లు మారుస్తూ ఉండాలి.

పిల్లను ఉంచడానికి బ్రూడర్ అనే వెచ్చని పెట్టె కొనవచ్చు, లేదా మూతకు గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ పెట్టెతో మీరే తయారు చేసుకోవచ్చు. పెట్టె ఎలాంటిదైనా అందులో వేడిని తనంతట తానే అదుపులో ఉంచే థర్మోస్టాట్‌తో నడిచే వేడి సాధనం, పిల్ల ఉండే ఎత్తులోనే అమర్చిన థర్మామీటర్ తప్పనిసరిగా ఉండాలి. వెలుగునిచ్చే బల్బు కన్నా వెలుగు లేకుండా వేడినిచ్చే సిరామిక్ హీటర్ మేలు, ఎందుకంటే చిలుక పిల్లలు సహజంగా పెరిగేది తొర్ర చీకటిలో. వేడిని పెట్టెలో ఒక వైపుకే ఉంచితే, కదలగలిగిన వయసు పిల్ల తనకు నచ్చిన చోటికి జరుగుతుంది.

ఉష్ణోగ్రత వయసును బట్టి తగ్గుతూ పోతుంది. పుట్టిన మొదటి రోజుల్లో 35 నుంచి 36.5 డిగ్రీల సెల్సియస్, ఆ తరువాత ఈకలు మొలిచే దాకా 32 నుంచి 34 డిగ్రీలు, ముళ్లలాంటి మొలక ఈకలు ఒళ్లంతా కనిపించే దశలో 29 నుంచి 31 డిగ్రీలు, ఒంటి నిండా ఈకలు వచ్చాక 24 నుంచి 26 డిగ్రీలు సరిపోతాయి. అంకెలు ఎలా ఉన్నా పిల్ల ప్రవర్తనే తుది తీర్పు. నోరు తెరిచి ఆయాసపడుతూ, రెక్కలు ఒంటికి దూరంగా చాచి, చర్మం ఎర్రబారితే వేడి ఎక్కువైనట్లు. వణుకుతూ ముడుచుకుని, చర్మం పాలిపోయి, పట్టుకుంటే చల్లగా తగిలితే వేడి చాలనట్లు. పొట్ట నిండిన పిల్ల గులాబీ రంగు చర్మంతో ప్రశాంతంగా నిద్రపోతూ ఉంటే మీ అమరిక సరిగ్గా ఉన్నట్లే. పెట్టెలో గాలి మరీ పొడిగా ఉంటే పిల్ల చర్మం ఎండి ముడతలు పడుతుంది కాబట్టి, అది అందుకోలేని మూలలో పైన జాలీ మూసిన చిన్న నీళ్ల గిన్నె ఉంచి తేమ 50 శాతానికి తగ్గకుండా చూడండి.

పిల్ల కింద పరిచేదాని గురించి చాలామంది ఆలోచించరు. నున్నటి అడుగు మీద పెరిగే పిల్ల కాళ్లు రెండు పక్కలకూ జారి, ఎముకలు లేతగా ఉండడం వల్ల అలాగే వంకరగా స్థిరపడిపోతాయి. చిన్న గిన్నెలో టిష్యూ కాగితాలు గుంటలా పరిచి, కాళ్లు ఒంటి కిందికి చేరేలా పిల్లను కూర్చోబెట్టండి. దేవదారు వంటి చెట్ల రంపపు పొట్టు ఆవిర్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, పిల్లుల కోసం అమ్మే ఇసుకను పిల్ల మింగే ప్రమాదం ఉంది, కాబట్టి ఆ రెండూ వద్దు. రెట్టతో తడిసిన కాగితాన్ని ప్రతి మేత తరువాతా మార్చండి.

మేత కలపడం

చిలుకల తల్లిదండ్రులు తాము తిన్న గింజలను, పండ్లను సగం జీర్ణం చేసి కక్కి పిల్ల నోట్లో పోస్తాయి. పావురాలు మేత సంచి గోడ నుంచి స్రవించే పాలలాంటి పదార్థం చిలుకల్లో ఉండదు, పశువుల పాలను అరిగించుకునే ఎంజైమూ పక్షులకు ఉండదు. అందుచేత పాలు, పాలలో నానబెట్టిన రొట్టె, పసిపిల్లల పాలపొడి వంటివి చిలుక పిల్లకు పనికిరావు. చిలుక పిల్లల కోసమే తయారు చేసిన హ్యాండ్ ఫీడింగ్ పొడి వాడండి. అందులో మాంసకృత్తులు, కొవ్వు, కాల్షియం, విటమిన్లు కావలసిన పాళ్లలో కలిపి ఉంటాయి కనుక మీరు అదనంగా ఏ విటమినూ, కాల్షియమూ చేర్చవద్దు. మకా వంటి కొన్ని జాతుల పిల్లలకు కొవ్వు ఎక్కువున్న పొడి అవసరమవుతుంది, కొనేటప్పుడు జాతిని చెప్పి అడగండి.

ఎంత పొడికి ఎంత నీరు అన్నది డబ్బా మీద ఉంటుంది, దాన్నే పాటించండి. స్థూలంగా చెప్పాలంటే, కళ్లు తెరిచిన పిల్లకు బరువు లెక్కన ఒక వంతు పొడికి రెండున్నర నుంచి మూడు వంతుల నీరు కలిపితే, చెంచా వంచినప్పుడు ఆగి ఆగి జారే జావలా వస్తుంది. మొదటి ఒకటి రెండు రోజుల పసికూనకు మాత్రం నీళ్లలా పలుచగా ఉండాలి. పెద్ద పిల్లకు పలుచని మేత పెడుతూ పోతే సంచి నిండుగా కనిపిస్తూనే పిల్ల బరువు పెరగదు, అంటే కడుపు నిండా తిని పస్తున్నట్లే. చిక్కదనం మితిమీరితే మేత సంచిలో గడ్డకట్టి కదలదు.

మరిగించి చల్లార్చిన నీటిని మళ్లీ తగినంత వేడి చేసి, పొడిని ఉండలు లేకుండా కలిపి, ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ కలపండి. నానే కొద్దీ అది చిక్కబడుతుంది కాబట్టి నీరు చాలకపోతే అప్పుడే తెలుస్తుంది. ఇక వేడి విషయం. పిల్ల నోటికి అందే సమయంలో మేత 39 నుంచి 41 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. 38 కన్నా తగ్గితే చాలా పిల్లలు మొహం తిప్పుకుంటాయి, తిన్నా సంచి నెమ్మదిస్తుంది. 43 దాటితే సంచి లోపలి గోడ కాలుతుంది. ఈ కాలిన గాయంలోని మోసం ఏమిటంటే, ఆ క్షణంలో పిల్ల మామూలుగానే కనిపిస్తుంది, కొన్ని రోజుల తరువాత మెడ కింద చర్మం ఎర్రబడి, పెచ్చుకట్టి, చివరికి చిల్లు పడి తిన్న మేత బయటికి కారుతుంది, అప్పుడు శస్త్రచికిత్స తప్ప మార్గం ఉండదు. నేను మొదట్లో మణికట్టు మీద చుక్క వేసుకుని వేడి చూసేవాణ్ణి. ఒకసారి థర్మామీటర్ పెట్టి చూస్తే, నా చేతికి గోరువెచ్చగా తోచినది 44 డిగ్రీలని తేలింది, ఆనాటి నుంచి చర్మాన్ని నమ్మడం మానేశాను. మైక్రోవేవ్‌లో వేడి చేసిన మేతలో అక్కడక్కడా మరిగే గుంటలు మిగిలిపోతాయి కనుక అది వద్దే వద్దు. మేత గిన్నెను వేడినీళ్లున్న పెద్ద గిన్నెలో ఉంచితే మేపడం పూర్తయ్యే దాకా వేడి నిలుస్తుంది.

మిగిలిన మేతను ఎంత కొద్దిగా ఉన్నా పారవేయండి. ఒకసారి కలిపినదాన్ని దాచి మళ్లీ వేడి చేసి పెట్టడం, సూక్ష్మజీవులను పెంచి పిల్లకు అందించడమే అవుతుంది. ప్రతి పూటా మేపే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, తరువాత సిరంజిని, గిన్నెను విడదీసి కడిగి, పక్షులకు సురక్షితమైన క్రిమిసంహారిణిలో నానబెట్టి, మంచినీళ్లతో తొలిచి, పూర్తిగా ఆరబెట్టండి. పిల్లలు ఒకటి కన్నా ఎక్కువ ఉంటే ఒక్కోదానికి వేరు సిరంజి ఉండాలి. ప్రేమతో నోట్లో నమిలి పెట్టడం, పెదవులతో అందించడం కూడా చేయకూడదు, మనిషి లాలాజలంలోని సూక్ష్మజీవులు చిలుక పిల్లకు జబ్బు తెస్తాయి.

సిరంజితో మేపడం

బడ్జీ వంటి చిన్న జాతికి 1 మిల్లీలీటరు సిరంజి, కాకటీల్, రామచిలుకల వంటివాటికి 5 లేదా 10 మిల్లీలీటర్లది, మకా వంటి పెద్దవాటికి 20 నుంచి 60 మిల్లీలీటర్లది, అన్నీ సూది లేనివే, తీసుకోండి. లోపలి దండం నున్నగా జరుగుతోందో లేదో నీళ్లతో ముందుగానే పరీక్షించండి, బిగుసుకుపోయిన సిరంజి ఒక్కసారిగా జారి మేతంతా పిల్ల గొంతులో కుమ్మరిస్తుంది. రెండు అంచులూ పైకి మడిచిన చిన్న చెంచా సిరంజికి మంచి ప్రత్యామ్నాయం. దానితో సమయం ఎక్కువ పట్టినా పిల్ల తన వేగంతో తాను తింటుంది, కొత్తవారికి నేను దాన్నే సూచిస్తాను. గొట్టాన్ని నేరుగా సంచిలోకి దించి మేపే పద్ధతిని వైద్యులకు, ఆరితేరినవారికి వదిలేయండి.

ముందుగా పిల్లను తీసి మేత సంచిని వేలితో మృదువుగా తాకి చూడండి. వదులుగా, ముడతలుపడి ఉంటే ఖాళీ అయినట్లు. బల్ల మీద తువాలు పరిచి, మీకు ఎదురుగా, కాళ్లు జారకుండా, నిటారుగా కూర్చోబెట్టండి. వెల్లకిలా పడుకోబెట్టి మేపడం ప్రాణాపాయం. ఒక చేతి బొటనవేలు, చూపుడువేలు ముక్కుకు రెండు పక్కలా వచ్చేలా తలను ఆనించి పట్టుకుని, మిగిలిన వేళ్లను వీపు చుట్టూ తేలికగా ఆన్చండి. పక్షులకు మనలాగా ఉదరవితానం లేదు, ఛాతీ ఎముకను ముందుకు వెనక్కు కదిలిస్తేనే వాటికి ఊపిరి ఆడుతుంది, కాబట్టి ఛాతీని బిగించి పట్టుకోకూడదు.

చిలుక నోట్లో నాలుక వెనుక మధ్యలో శ్వాసనాళ ద్వారం ఉంటుంది, మేత వెళ్లే అన్నవాహిక మెడలో కుడివైపుగా దిగుతుంది. అందుచేత సిరంజి మొనను పిల్లకు ఎడమవైపున, అంటే ఎదురుగా కూర్చున్న మీకు కుడివైపున, ముక్కు పక్క నుంచి ఆనించి, దాని గొంతుకు కుడి మూల వైపు గురిపెట్టాలి. ముక్కు రెండు మూలల్లో మెత్తగా తాకగానే, లేదా ఒక చుక్క మేత నాలుకకు తగలగానే, పిల్ల తల పైకీ కిందికీ ఊపుతూ గబగబా మింగడం మొదలుపెడుతుంది. ఈ ఊపు సాగుతున్నంతసేపు శ్వాసనాళ ద్వారం మూసుకుని ఉంటుంది, మేత పెట్టదగిన సమయం అదే. దాని ఊపుకు తగినట్లుగా సిరంజిని నొక్కండి, అది ఆగితే మీరూ ఆగండి, ఊపిరి తీసుకోనివ్వండి. ఊపు లేకుండా నోట్లో పోసిన మేత శ్వాసనాళంలోకి జారి ఊపిరితిత్తుల్లో చేరితే, పిల్ల అక్కడికక్కడే చనిపోవచ్చు, లేదా ఒకటి రెండు రోజుల్లో న్యుమోనియాతో పోవచ్చు. చేత్తో మేపేటప్పుడు జరిగే ప్రమాదాల్లో ఇంత వేగంగా ప్రాణం తీసేది మరొకటి లేదు.

నోట్లో మేత పేరుకున్నా, ముక్కు రంధ్రాల్లోంచి బుడగలు వచ్చినా, పిల్ల దగ్గినట్లు చేసినా వెంటనే సిరంజి తీసి, తలను స్వేచ్ఛగా వదిలి, ముందుకు వంగనివ్వండి. అది సర్దుకుని మళ్లీ తనంతట తాను అడిగే దాకా ఆగండి. ఆ తరువాత శ్వాసలో టిక్కుమనే చప్పుడు వినిపించినా, ఊపిరితో పాటు తోక ఊగుతున్నా ఆ రోజే వైద్యుడికి చూపించాలి.

మేత సంచి గుండ్రంగా నిండి, వేలితో తాకితే సగం గాలి ఊదిన బుడగలా మెత్తగా తగిలినప్పుడు ఆపండి. చర్మం బిగుసుకుని మెరుస్తూ ఉంటే ఎక్కువ పెట్టినట్లు. తరచూ అలా సాగదీస్తే సంచి వేలాడిపోయి ఖాళీ కావడం మానేస్తుంది. చివరగా గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో ముక్కు లోపలి అంచులు, గదవ, మెడ తుడవండి, అక్కడ ఎండిపోయిన మేత చర్మాన్ని పుండు చేస్తుంది, లేత ముక్కును వంకర తిప్పుతుంది. నిండిన సంచిని నొక్కకుండా పిల్లను బ్రూడర్‌లో పెట్టండి.

ఎంత, ఎన్నిసార్లు

ఒక పూటకు పిల్ల బరువులో పదో వంతు అన్నది అందరూ వాడే కొలత. 30 గ్రాముల బడ్జీ పిల్లకు 3 మిల్లీలీటర్లు, 80 గ్రాముల కాకటీల్ పిల్లకు 8 మిల్లీలీటర్లు అన్నమాట. సంచి బాగా సాగే వయసులో ఇది 12 శాతం దాకా వెళ్లవచ్చు. వేళల విషయానికి వస్తే, మొదటి వారంలో రెండు మూడు గంటలకోసారి, కళ్లు తెరిచాక రోజుకు ఐదారుసార్లు, మొలక ఈకలు వచ్చాక నాలుగుసార్లు, ఈకలు విచ్చుకున్నాక రెండు మూడుసార్లు పెట్టడం సాధారణంగా సరిపోతుంది. అయితే ఇవి అంచనాలు మాత్రమే. సంచి దాదాపుగా ఖాళీ అయ్యాకే తరువాతి పూట పెట్టాలి. రోజులో కనీసం ఒక్కసారి, సాధారణంగా రాత్రి నిద్ర తరువాత తెల్లవారుజామున, అది పూర్తిగా ఖాళీ కావాలి. పాత మేత మీద కొత్త మేత పోస్తూ పోతే అడుగున ఉన్నది పులిసి సంచి మొత్తాన్ని పాడుచేస్తుంది. మరీ పసిపిల్ల కానట్లయితే రాత్రి పదకొండుకు చివరి పూట పెట్టి ఉదయం ఆరు దాకా మీరూ నిద్రపోవచ్చు.

సంచి ఖాళీ కావడం ఆలస్యమైతే కంగారుపడకుండా ముందు బ్రూడర్ వేడి చూడండి, ఆ తరువాత మేత వేడి, చిక్కదనం చూడండి, చాలాసార్లు తప్పు ఈ మూడింటిలోనే దొరుకుతుంది. ఒక పూట మేతకు బదులు కొద్దిగా గోరువెచ్చని నీరు పెట్టి, సంచిని వేలి కొసలతో అతి మృదువుగా నిమిరితే గడ్డలు కరుగుతాయి. నొక్కి మేతను పైకి తెప్పించే ప్రయత్నం ఎన్నడూ చేయవద్దు. పన్నెండు గంటలు గడిచినా సంచి ఖాళీ కాకపోయినా, నోటి నుంచి పులిసిన వాసన వచ్చినా, నోట్లో తెల్లటి పొరలు కనిపించినా, పిల్ల కక్కుతున్నా అది ఇంటి వైద్యంతో తేలే వ్యవహారం కాదు. తెల్లటి పొరలు తరచుగా కాండిడా అనే బూజు వల్ల వస్తాయి, దానికి సరైన మందు, మోతాదు పక్షుల వైద్యుడే చెప్పాలి. మనుషుల యాంటీబయాటిక్ మాత్ర పొడి చేసి కలపడం మేలు కన్నా కీడే చేస్తుంది.

రోజువారీ తూకం

ప్రతి ఉదయం, సంచి ఖాళీగా ఉన్నప్పుడు, మొదటి మేతకు ముందు పిల్లను తూచి పుస్తకంలో రాయండి. ఒక గ్రాము తేడా చూపే డిజిటల్ త్రాసు చాలు, బడ్జీ వంటివాటికి పదో వంతు గ్రాము చూపేది కావాలి. పెరిగే దశలో ప్రతి రోజూ ఎంతో కొంత బరువు పెరగాలి. ఒక రోజు పెరగకపోతే జాగ్రత్తపడండి, వరసగా రెండు రోజులు పెరగకపోయినా, తగ్గినా వైద్యుడిని కలవండి. కంటికి పిల్ల బొద్దుగా కనిపిస్తూనే ఉంటుంది, జబ్బు మాత్రం ముందుగా త్రాసు మీదే బయటపడుతుంది. బరువుతో పాటు ఎన్ని మిల్లీలీటర్లు తిన్నది, సంచి ఎంతసేపటికి ఖాళీ అయింది, రెట్ట ఎలా ఉంది అన్నవి కూడా రాసి ఉంచితే, వైద్యుడు అడిగే మొదటి నాలుగు ప్రశ్నలకు మీ దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి. పిల్ల రెట్టలో నీరు కాస్త ఎక్కువగానే ఉంటుంది, దానికి భయపడనక్కరలేదు.

ఇంట్లో మరికొన్ని జాగ్రత్తలు అవసరం. అంటుకోని పూత ఉన్న పెనాలు అతిగా వేడెక్కినప్పుడు వెలువడే పొగ మనకు తెలియకముందే పక్షులను నిమిషాల్లో చంపుతుంది. పిల్ల ఉన్న గదికి వంటగది పొగ, సిగరెట్ పొగ, అగరుబత్తి పొగ, సుగంధ స్ప్రేలు చేరకూడదు. చిలుకల నుంచి మనుషులకు సోకగల సిట్టకోసిస్ అనే జబ్బు జ్వరం, తలనొప్పి, పొడిదగ్గుతో మొదలవుతుంది. మేపే రోజుల్లో మీకు అలాంటి లక్షణాలు కనిపిస్తే, ఇంట్లో చిలుక పిల్ల ఉన్న సంగతి మీ వైద్యుడికి తప్పక చెప్పండి.

చేతి మేత మాన్పించడం

ఈకలు విచ్చుకుని, పిల్ల చుట్టూ కనిపించిన ప్రతిదాన్నీ ముక్కుతో పొడిచి చూడడం మొదలుపెట్టిన రోజు నుంచి మాన్పించే పని మొదలవుతుంది. బడ్జీలు ఐదారు వారాలకు, కాకటీళ్లు ఏడు నుంచి పది వారాలకు, ఆఫ్రికన్ గ్రే వంటివి మూడు నాలుగు నెలలకు స్వయంగా తినడం నేర్చుకుంటాయి, పెద్ద మకాలకు ఐదారు నెలలు కూడా పట్టవచ్చు. ఒకే గూటి పిల్లల్లో కూడా ఒకటి ముందు, ఒకటి వెనుక అవుతుంది. తేదీ నిర్ణయించుకుని ఆకలికి మాడ్చి మాన్పించే పద్ధతి కొందరు పాటిస్తారు, అది క్రూరమే కాక పనికిమాలినది కూడా. అలా మాన్పించిన పిల్లలు పెద్దయ్యాక కూడా మేత కోసం అరుస్తూ, భయస్తులుగా మిగులుతాయి.

పిల్లను తక్కువ ఎత్తున్న పంజరంలోకి మార్చి, కూర్చునే కర్రలను నేలకు దగ్గరగా కట్టండి. వెడల్పాటి పళ్లెంలో నానబెట్టిన పెల్లెట్లు (చిలుకల కోసం తయారు చేసిన గుళికల మేత), ఉడికించి చల్లార్చిన మొక్కజొన్న, సన్నగా తరిగిన ఆకుకూరలు, క్యారట్, గింజ తీసిన ఆపిల్ ముక్కలు పరిచి, పంజరంలో చిరుధాన్యపు కంకి ఒకటి వేలాడదీయండి. మొదటి వారం ఇవన్నీ ఆటవస్తువులే, తినేదాని కన్నా పారేసేది ఎక్కువగా ఉంటుంది. తడి ఆహారాన్ని రెండు మూడు గంటలకు మించి ఉంచకుండా తీసేయండి. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లిపాయ, ఉప్పు వేసినవి, మద్యం ఏ వయసులోనూ దగ్గరికి రానివ్వవద్దు. లోతు లేని గిన్నెలో నీళ్లు కూడా ఈ దశలోనే అలవాటు చేయాలి.

పిల్ల పళ్లెంలోంచి నిజంగా మింగుతోందని సంచి తాకి తెలుసుకున్నాక, మొదట మధ్యాహ్నపు పూట, కొన్ని రోజుల తరువాత ఉదయపు పూట, అన్నిటికన్నా చివర రాత్రి పూట తగ్గించండి. ఏ రోజైనా సాయంత్రం సంచి ఖాళీగా ఉండి పిల్ల అరుస్తూ ఉంటే, ఆ పూట మానేసి వారమైనా సరే, మళ్లీ వెచ్చగా మేపి పడుకోబెట్టండి. ఈ సమయంలోనే పిల్ల ఎగరడం నేర్చుకుంటుంది, తేలికపడడం కోసం తన బరువులో పది శాతం దాకా తగ్గడం, మేత మీద కొన్నాళ్లు ఆసక్తి చూపకపోవడం సహజమే. అంతకు మించి తగ్గితే మాత్రం చేతి మేత పెంచాలి. ఎగరడం బాగా వచ్చే దాకా రెక్కలు కత్తిరించవద్దు. కిటికీ అద్దాలకు తెర వేసి, ఫ్యాను ఆపి, గదిలో ఎగరనివ్వండి.

చేతి మేత పూర్తిగా ఆపిన తరువాత కనీసం రెండు వారాలు పిల్లను అదే ఇంట్లో, అదే పంజరంలో ఉంచి ఉదయపు తూకం కొనసాగించండి. ఇల్లు మారినప్పుడు, జబ్బుపడినప్పుడు, కొత్త పక్షి వచ్చినప్పుడు మానేసిన పిల్ల మళ్లీ నోరు తెరిచి అడగడం తరచూ జరుగుతుంది. అందువల్ల మిగిలిన పొడి డబ్బాను గట్టిగా మూసి ఫ్రీజర్‌లో, కడిగి ఆరబెట్టిన సిరంజిని దాని పక్కనే, మరొక నెల రోజుల పాటు ఉంచుకోండి.